షియాన్‌లో శని, ఆదివారాలు: స్నేహితుడి సెలవును క్యూలకు ధారపోయకండి

చైనాలో చదువుకుంటున్న, ఉద్యోగం చేస్తున్న స్నేహితుల దగ్గరికి రెండు రోజుల కోసం వెళ్ళేవాళ్ళు చాలామంది ఒకటే చేస్తారు. ఊళ్ళో చూడదగ్గవన్నీ రాసుకుని, ఆ రెండు రోజులూ స్నేహితుణ్ణి వెంటేసుకుని వాటి చుట్టూ తిరుగుతారు. షియాన్ విషయంలో ఈ పద్ధతిని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. ఆ ఊరి అమరికే దానికి ఒప్పుకోదు. చైనా తొలి చక్రవర్తి సమాధి దగ్గర పూడ్చిపెట్టిన మట్టి సైనికుల మ్యూజియం ఊరికి తూర్పున 35 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, లింటోంగ్‌లో ఉంది. షాన్‌షీ చరిత్ర మ్యూజియం, పెద్ద హంస గోపురం కోటగోడకు బయట దక్షిణం వైపు ఉన్నాయి. హైస్పీడు రైళ్ళ స్టేషన్ ఉత్తరాన, విమానాశ్రయం వాయవ్యాన. వీటన్నిటినీ శని, ఆదివారాల్లో కుక్కితే సగం సమయం మెట్రోలో, మిగతా సగం భద్రతా తనిఖీ వరసల్లో పోతుంది. వారమంతా పనిచేసిన స్నేహితుడు, ఇంటికి చుట్టం వచ్చిన ప్రతిసారీ చూసిన ఆ మట్టి సైనికుల్నే ఇంకోసారి చూడాలి.

నేను చెప్పేది ఇది. ప్రయాణానికి శుక్రవారం కూడా కలపండి. దూరంగా ఉన్న ఒక్కదాన్ని ఆ రోజు మీరొక్కరే చూసి రండి. స్నేహితుడికి సెలవున్న రెండు రోజులూ నడుస్తూ, తింటూ, మాట్లాడుకుంటూ చూడగలిగే వాటికే పెట్టండి. అలాంటివి షియాన్‌లో కావలసినన్ని ఉన్నాయి.

ముందు ఆ శనివారం నిజంగా సెలవేనా అని చూసుకోవాలి. చైనాలో పెద్ద పండుగల సెలవుల్ని వరసగా కలపడానికి అటూ ఇటూ ఉన్న ఒక శనివారమో ఆదివారమో పనిదినంగా మారుస్తారు. ఆ జాబితా ప్రభుత్వం ముందు ఏడాదే ప్రకటిస్తుంది. మే 1, అక్టోబరు 1 దరిదాపుల్లో వెళ్తే రెండు విధాలా నష్టం. సెలవు రోజుల్లో ఊరు కిక్కిరిసిపోతుంది, దానికి ముందో వెనకో వచ్చే వారాంతంలో మీ స్నేహితుడు ఆఫీసులో ఉంటాడు. టికెట్టు కొనేముందు తేదీ చెప్పి 'ఆ రోజు నీకు పనిదినమా?' అని అడగడం ఒక్క నిమిషం పని.

వీసా సంగతి క్లుప్తంగా. భారత పాస్‌పోర్టుకు వీసా తప్పనిసరి. స్నేహితుణ్ణి చూడడానికి మామూలుగా పర్యాటక వీసాయే తీసుకుంటారు. హోటల్ బుకింగ్ బదులు ఆహ్వాన పత్రం పెడితే దాంతోపాటు స్నేహితుడి గుర్తింపు పత్రమో, నివాస అనుమతి పత్రమో జతచేయాలి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న తెలుగువాళ్ళకు ఇంకో దారి ఉంది. ఒక దేశం నుంచి వచ్చి మూడో దేశానికి వెళ్తున్నట్టు టికెట్టు చూపితే 240 గంటలు వీసా లేకుండా ఉండొచ్చు. ఆ సదుపాయం షియాన్ విమానాశ్రయంలోనూ ఉంది. వచ్చిన దేశానికే తిరిగి వెళ్తే మాత్రం అది చెల్లదు. భారత పాస్‌పోర్టుకు ఈ దారి లేదు.

స్నేహితుడి ఇంట్లో పడుకోవాలంటే

మనవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఇక్కడే. హోటల్లో దిగితే మీ వివరాలు హోటలే పోలీసులకు పంపుతుంది. ఇంట్లో దిగితే వచ్చిన 24 గంటల్లోగా ఆ పేటలోని పోలీసు స్టేషన్‌లో మీరో, ఇంటివాళ్ళో నమోదు చేయించాలి. 2013 జూలై నుంచి అమల్లో ఉన్న రాకపోకల చట్టం చెప్పే మాట ఇది. చేయించకపోతే హెచ్చరికతో పోవచ్చు, 2,000 యువాన్ల దాకా జరిమానా కూడా పడవచ్చు. అంతకన్నా పెద్ద నష్టం మీ స్నేహితుడికి. మీరు ఎల్లుండి వెళ్ళిపోతారు. ఆ స్టేషన్‌కు తన నివాస అనుమతి పనుల మీద మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సింది అతనే.

కావలసినవి: మీ పాస్‌పోర్టు, వీసా ఉన్న పేజీ, దేశంలోకి ప్రవేశించిన ముద్ర, స్నేహితుడి గుర్తింపు పత్రం, ఇంటి అద్దె ఒప్పందం. అద్దె ఇల్లయితే ఇంటి ఓనర్ పత్రాల నకలు కూడా అడుగుతారు. చాలాసార్లు పని ఆగేది ఇక్కడే. ఓనర్ వేరే ఊళ్ళో ఉంటాడు, శనివారం ఫోనెత్తడు. కాబట్టి ఆ నకళ్ళను స్నేహితుడు వారం ముందే తెప్పించి పెట్టుకోవాలి. కొన్నిచోట్ల ఫోన్‌లోనే నమోదు చేసే వీలుంది. ఆ పేటలో ఉందో లేదో ముందే స్టేషన్‌లో కనుక్కోమనండి.

స్నేహితుడు విద్యార్థి అయితే హాస్టల్ గదిలో పడుకునే ఆలోచన వదిలేయండి. వైద్యవిద్య కోసం చైనా వెళ్ళిన మన పిల్లలు ఎక్కువమంది ఉండేది విశ్వవిద్యాలయం లోపలి హాస్టళ్ళలోనే. అక్కడ బయటివాళ్ళు రాత్రి ఉండడానికి మామూలుగా ఒప్పుకోరు. గేటు దాటాలన్నా పేరు నమోదు చేయించాల్సి రావచ్చు. దొంగచాటుగా ఉంటే క్రమశిక్షణ చర్య పడేది ఆ పిల్లవాడి మీద. గేటుకు దగ్గర్లో ఒక హోటల్ తీసుకోండి. బుక్ చేసేముందు విదేశీ పాస్‌పోర్టు నమోదు చేయడం వాళ్ళకు వచ్చా అని స్నేహితుడి చేత చైనీస్‌లో అడిగించండి. చిన్న హోటళ్ళలో రాత్రి డ్యూటీ మనిషికి ఆ పద్ధతి తెలియక మిమ్మల్ని గంటసేపు నిలబెట్టొచ్చు.

చిరునామా తీసుకునేటప్పుడు కాలనీ పేరుతో సరిపెట్టుకోవద్దు. అక్కడి నివాస కాలనీలు చుట్టూ గోడ కట్టి ఉంటాయి. ఉత్తరం గేటుకూ తూర్పు గేటుకూ మధ్య అర కిలోమీటరు ఉండొచ్చు. ఏ గేటు, ఎన్నో భవనం, ఎన్నో యూనిట్, ఎన్నో ఫ్లాటు, ఈ నాలుగూ చైనీస్ అక్షరాల్లో రాయించుకుని ఫోన్‌లో ఫొటోగా దాచుకోండి. నెట్ లేకపోయినా టాక్సీ అతనికి చూపించవచ్చు.

ఫోను, డబ్బు

ఇవి ఇంట్లో ఉండగానే తేలాలి. చైనాలో దిగాక తేల్చుకుందామంటే మొదటి సాయంత్రం అందులోనే పోతుంది. ఫోన్‌తో డబ్బు కట్టడానికి అక్కడ వాడే యాప్‌లు అలీపే, వీచాట్ రెండూ వేసుకోండి. పాస్‌పోర్టు ఫొటోతో గుర్తింపు ధ్రువీకరణ పూర్తిచేసి, వీసా లేదా మాస్టర్‌కార్డు ముద్ర ఉన్న కార్డును కలపండి. యూపీఐ మీద ఆశ పెట్టుకోకండి. మన బ్యాంకుల కార్డుల్లో అంతర్జాతీయ చెల్లింపులు మొదట ఆపేసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లోకి వెళ్ళి తెరవాలి. అసలు చిక్కు ఓటీపీ. కార్డు కలిపేటప్పుడు, కొన్నిసార్లు చెల్లించేటప్పుడు కూడా ఓటీపీ మన నంబరుకే వస్తుంది. రోమింగ్ లేని సిమ్ తీసి డబ్బాలో పెట్టి, అక్కడి సిమ్ వేసుకుంటే ఆ ఓటీపీ మీకు అందదు. కాబట్టి మన సిమ్‌కు రోమింగ్ తెరిచి ఫోన్‌లోనే ఉంచండి.

విదేశీ కార్డుతో చేసే చెల్లింపు 200 యువాన్ల లోపు అయితే అదనపు రుసుము లేదు. దాటితే 3 శాతం పడుతుంది. ఇంకో పరిమితి కూడా ఉంది. విదేశీ కార్డు నుంచి మనిషికి మనిషికి డబ్బు పంపడం కుదరదు. స్నేహితుడు హోటల్ బిల్లు కట్టేస్తే మీ వాటా అతని ఖాతాకు పంపలేరు. వీధి పక్క చిన్న బండి దగ్గర అతికించిన క్యూఆర్ దుకాణం ఖాతాది కాక, ఆ మనిషి సొంత ఖాతాది అయితే మీ కార్డు చెల్లదు. అందుకే 500 యువాన్లు చిల్లర నోట్లుగా దగ్గర ఉంచుకోండి. నగదు తీసుకుంటారు, కానీ 100 నోటుకు చిల్లర దొరకడమే కష్టం.

వాట్సాప్, గూగుల్, జీమెయిల్, యూట్యూబ్ అక్కడి వైఫైలో పనిచేయవు. మన సిమ్ రోమింగ్‌లోనో, విదేశీ ఈసిమ్‌లోనో ఐతే పనిచేస్తాయి, ఎందుకంటే ఆ డేటా చైనా బయటి నెట్‌వర్క్ ద్వారా తిరిగి వస్తుంది. గూగుల్ మ్యాప్ తెరుచుకున్నా దాన్ని నమ్మవద్దు. చైనాలో మ్యాపులకు వాడే అక్షాంశ రేఖాంశాల లెక్క వేరు, చుక్క కొన్ని వందల మీటర్లు పక్కకు జరిగి కనపడుతుంది. అక్కడివాళ్ళు వాడే గావ్‌దె మ్యాప్ వేసుకోండి. పవర్‌బ్యాంకు మీద చైనా భద్రతా ధ్రువీకరణ '3సి' ముద్ర లేకపోతే చైనా లోపలి విమానాల్లోకి రానివ్వరు. 2025 జూన్ 28 నుంచి ఆ నియమం ఉంది. మనం ఇక్కడ కొన్న వాటిమీద చాలావరకు ఆ ముద్ర ఉండదు. బీజింగ్‌లోనో గ్వాంగ్‌జౌలోనో విమానం మారి షియాన్ వెళ్ళేవాళ్ళు దాన్ని ఇంట్లోనే వదిలేయడం మేలు.

శుక్రవారం ఒంటరిగా

మట్టి సైనికుల మ్యూజియం టికెట్టు మీ పాస్‌పోర్టు నంబరు మీద, ఫలానా సమయానికి అని ఇస్తారు. ముందుగానే కొనాలి. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అదే వరసలో కొట్టాలి. ఇంటిపేరు ఏ గడిలో, అసలు పేరు ఏ గడిలో అన్న దగ్గర మనవాళ్ళు తప్పుచేస్తారు, గేటు దగ్గర ఆపేస్తారు. వెళ్ళడానికి మెట్రో 9వ లైనులో హువాచింగ్‌చి స్టేషన్ దాకా పోయి అక్కణ్ణుంచి బస్సు ఎక్కాలి. ఊరి మధ్య నుంచి మొత్తం గంటన్నర వేసుకోండి. రైల్వే స్టేషన్ ముందు 'మ్యూజియం, మ్యూజియం' అని పిలిచే ప్రైవేటు వ్యాన్లు ఎక్కవద్దు. అవి దారిలో బొమ్మల ఫ్యాక్టరీ దుకాణాల దగ్గర ఆగి మీ పొద్దంతా తినేస్తాయి. ఉదయం 8:30కు తెరిచే వేళకు అక్కడుంటే మధ్యాహ్నం రెండుకల్లా ఊళ్ళోకి రావచ్చు.

1974 మార్చిలో బావి తవ్వుతున్న రైతులకు ఈ మట్టి బొమ్మల ముక్కలు తగిలాయి. 1979 అక్టోబరు 1న మ్యూజియం తెరిచారు. సైనికులు నిలబడి ఉన్న గుంటల్లో మొదటిది 230 మీటర్ల పొడవు, 62 మీటర్ల వెడల్పు. అందరూ అక్కడి కటకటాల దగ్గరే గంటసేపు తోసుకుంటారు. నా మాట విని అందులో పావుగంట గడిపి రెండో గుంటకు వెళ్ళండి. అక్కడ అద్దాల పెట్టెలో మోకాలి మీద కూర్చున్న విలుకాడు ఉన్నాడు. అతని వెనక్కి వెళ్ళి కుడి పాదం చూడండి. చెప్పు అడుగున కుట్లు కనిపిస్తాయి. వేళ్ళ దగ్గర, మడమ దగ్గర దగ్గరదగ్గరగా, మధ్యలో దూరదూరంగా. అరిగేచోట గట్టిగా, వంగేచోట వదులుగా కుట్టిన చెప్పును కుమ్మరి చూసి చూసి మట్టిలో గీశాడు. ఎవరికీ కనపడకుండా మట్టిలో పూడ్చేసే బొమ్మకు, అదీ అరికాలికి, ఇంత శ్రద్ధ.

ఈ బొమ్మలకు ఒకప్పుడు రంగులుండేవి. మట్టి మీద లక్క పూసి, దానిమీద రంగు వేశారు. రెండు వేల ఏళ్ళు తడి మట్టిలో ఉన్న ఆ లక్క పొడిగాలి తగలగానే నిమిషాల్లో ముడుచుకుని, రంగుతో సహా పెచ్చులుగా రాలిపోతుంది. ఇంకా చాలా భాగం తవ్వకుండా వదిలేయడానికి ఒక ముఖ్య కారణం అదే. అదే టికెట్టు మీద రెండు కిలోమీటర్ల దూరంలో చక్రవర్తి సమాధి దిబ్బ ఉన్న తోటకు కూడా వెళ్ళవచ్చు. 1980లో దొరికిన రెండు కంచు రథాలు ఇప్పుడు అక్కడే ఉన్నాయి. ఒక్కోదానిలో 3,000కు పైగా భాగాలు. ఇది తెలియక చాలామంది ప్రధాన మ్యూజియంలోనే వాటికోసం వెతికి వచ్చేస్తారు.

షాన్‌షీ చరిత్ర మ్యూజియం ప్రవేశం ఉచితం, కానీ ముందే నమోదు చేసుకోవాలి, రద్దీ రోజుల్లో నిమిషాల్లో అయిపోతుంది. సోమవారం సెలవు. దొరికితే శుక్రవారం సాయంత్రానికి పెట్టుకోండి. దొరక్కపోతే వదిలేయండి. దానికోసం శనివారాన్ని పాడుచేసుకోవద్దు.

శనివారం: గోడ, గిన్నె

ఉదయమే కోటగోడ ఎక్కండి. ఇది టాంగ్ వంశం (618–907) కాలంనాటిదని చాలామంది అనుకుంటారు. కాదు, మింగ్ వంశం 1370లలో కట్టింది. టాంగ్ కాలంలో చాంగాన్ అని పిలిచిన ఈ నగరం సుమారు 84 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి గోడ చుట్టుకున్నది అందులో ఏడెనిమిదో వంతు మాత్రమే. చుట్టుకొలత సుమారు 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు, పైన వెడల్పు 12 నుంచి 14 మీటర్లు. అంటే రెండు లారీలు పక్కపక్కన పోవచ్చు. పైన సైకిళ్ళు అద్దెకిస్తారు, మూడు గంటల లెక్కన. ఆగుతూ పోతే చుట్టూ తిరగడానికి రెండు గంటలు చాలు.

దక్షిణ ద్వారం దగ్గర ఎక్కడం మంచిది. సైకిళ్ళు ఎక్కువ అక్కడే ఉంటాయి. తీసుకున్నచోటే ఇవ్వక్కర్లేదు, వేరే ద్వారం దగ్గరున్న అద్దె కేంద్రంలో కూడా ఇచ్చేయొచ్చు. సైకిల్ తీసుకునేముందు సీటు ఎత్తు, రెండు బ్రేకులు చూసుకోండి. పైన పరిచినవి ఎగుడుదిగుడు ఇటుకలు, చేతులు అదిరిపోతాయి. చక్రాల్లో గాలి తక్కువైతే సగం దూరానికే నడుం పట్టేస్తుంది. వాన పడితే అద్దె ఆపేస్తారు. నీడ ఎక్కడా లేదు. జూలై, ఆగస్టుల్లో ఎండ మన రామగుండం ఎండే, కాబట్టి తెరిచే వేళకే ఎక్కాలి. గోడ మూసే సమయం కన్నా ముందే సైకిళ్ళు వెనక్కి తీసుకుంటారన్నది కూడా గుర్తుంచుకోండి.

ఈ గోడను నేను ఇంతగా సమర్థించడానికి కారణం, ఇక్కడ మాట్లాడుకోవచ్చు. ఇద్దరు పక్కపక్కన తొక్కుతూ రెండు గంటలు కబుర్లు చెప్పుకోవచ్చు. గైడు గోల లేదు, వెనకనుంచి తోసేవాళ్ళు లేరు. మధ్యలో ఆగి బయటి వైపు చూస్తే ప్రతి 120 మీటర్లకు ఒక బురుజు ముందుకు పొడుచుకుని కనపడుతుంది. ఒక బురుజు మీది విలుకాడు 60 మీటర్ల దాకా కొడితే, పక్క బురుజువాడు మిగతా 60 చూసుకుంటాడు. గోడ అడుగుకు చేరిన శత్రువు ఇద్దరికీ పక్కనుంచి దొరుకుతాడు. గోల్కొండ బురుజులు చూసిన వాళ్ళకు ఆ లెక్క వెంటనే అర్థమవుతుంది.

మధ్యాహ్నం భోజనానికి యాంగ్‌రౌ పావ్‌మో. ఆ ఊరిని ఒక్క భోజనంలో చూడాలంటే ఇదే. చూడడమే కాదు, స్నేహితుడితో కూర్చోవడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఆ ఊళ్ళో లేదు. కూర్చోగానే పెద్ద గిన్నె, అందులో గట్టిగా కాల్చిన రెండు రొట్టెలు పెడతారు. అవి కొద్దిగా మాత్రమే పులిసిన పిండితో చేసినవి, అరచేతిలో రాయిలా ఉంటాయి. వాటిని మీరే చేత్తో తుంచాలి. ముందు రెండుగా, తర్వాత పొరను విడదీసి, చివరికి గోళ్ళతో గిల్లి సోయా గింజంత ముక్కలు చేయాలి. ఇద్దరికీ అరగంట దగ్గర పడుతుంది. ఆ అరగంటా చేతులు పనిలో ఉంటాయి, ఫోన్ ముట్టుకోలేరు, నోటికి మాటలు తప్ప పనిలేదు. పప్పులో రాళ్ళు ఏరుతూ అమ్మలు మాట్లాడుకునేవాళ్ళే, ఆ తీరు.

ముక్కలు ఎందుకంత చిన్నవి? పెద్దగా ఉంటే పులుసు లోపలికి ఎక్కదు. బయట మెత్తబడి లోపల పిండి పిండిగా ఉంటుంది. వంటవాడు ముక్కల సైజు చూసి నీళ్ళు, మంట నిర్ణయిస్తాడు. పెద్ద ముక్కలు చూస్తే కొత్తవాడని తెలిసి ఎక్కువ పులుసు పోసేస్తాడు. గిన్నెకు నంబరు బిళ్ళ పెట్టి లోపలికి తీసుకెళ్ళి, మీ గిన్నె మీకే వండి తెస్తారు. తెచ్చాక కలపకూడదు. అంచునుంచి కొంచెం కొంచెంగా తినాలి, కలిపితే వేడి పోయి జావైపోతుంది. పక్కన తీపి పులుపు వెల్లుల్లి ఊరగాయ, ఎర్ర కారం ముద్ద ఇస్తారు.

గొడ్డుమాంసం తినని వాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. 'యాంగ్‌రౌ' అంటే గొర్రె లేదా మేక, 'న్యూరౌ' అంటే ఆవు లేదా ఎద్దు. పావ్‌మో అంగళ్ళలో రెండూ ఉంటాయి, పేరు చెప్పి అడగాలి. రొట్టె మధ్య మాంసం పెట్టిచ్చే రౌజామో ముస్లిం పేటలో ఎక్కువగా గొడ్డుమాంసంది, పేట బయట పందిమాంసంది. ఉదయం తాగే కారం పులుసు హూలాతాంగ్‌లోని ఉండలూ ఆ పేటలో గొడ్డుమాంసమే. సీకుల మీద కాల్చేవి చూసి గొర్రె అనుకోవద్దు, అడగండి. ఆ పేట హోటళ్ళలోకి బయటి తిండి, మద్యం తీసుకెళ్ళకూడదు. అది వాళ్ళ మతనియమం.

పేటకు వెళ్ళేటప్పుడు డప్పు గోపురం వెనకున్న పెద్ద వీధిలోనే ఆగిపోకండి. అది యాత్రికుల వీధి. పడమటి వైపు సాజిన్‌చియావ్ సందులకు పొద్దున్నే వెళ్తే ఆ పేటవాళ్ళు తినేచోట తినవచ్చు. డప్పు గోపురం దగ్గరి సందుల్లో ఉన్న పెద్ద మసీదును కూడా తప్పక చూడండి. మింగ్ కాలపు కట్టడం, మీనార్ల బదులు చైనా పెంకు కప్పులు, ఒకదాని వెనక ఒకటిగా నాలుగైదు ముంగిళ్ళు. చైనా గుళ్ళు సాధారణంగా దక్షిణ ముఖంగా ఉంటాయి. ఇది తూర్పు పడమరలుగా సాగుతుంది, ఎందుకంటే మక్కా ఉన్నది పడమట. ప్రార్థన మందిరంలోకి ముస్లింలు కానివాళ్ళను పంపరు, ముంగిళ్ళ దాకా వెళ్ళవచ్చు.

విడివిడిగా వచ్చి కలుసుకునేటప్పుడు 'గంట గోపురం దగ్గర కలుద్దాం' అనుకోవద్దు. అది నాలుగు రోడ్ల మధ్య ఉంది, చేరాలంటే భూగర్భ దారే. ఆ దారికి చాలా ద్వారాలున్నాయి. మెట్రో స్టేషన్‌లో ఫలానా అక్షరం ఉన్న ద్వారం అని చెప్పుకోండి.

శాకాహారులకు

'మాంసం వద్దు' అని చెబితే సరిపోదు. ముక్కలు తీసేసి అదే ఎముకల పులుసులో వండి ఇస్తారు. తోఫు మీద, బీన్స్ వేపుడు మీద కొంచెం ఖీమా చల్లడం అక్కడ మామూలు. నూనె బదులు పంది కొవ్వు కూడా వాడొచ్చు. 'మాంసం, చేప, గుడ్డు, ఎముకల పులుసు, జంతువుల కొవ్వు ఏవీ వద్దు' అని పూర్తిగా చైనీస్‌లో రాయించుకుని చూపించండి.

షియాన్‌లో శాకాహారికి రెండు మంచి దారులున్నాయి. ఒకటి లియాంగ్‌పి, చల్లగా వడ్డించే పిండి పట్టీలు, వెనిగర్, కారం నూనెతో. రెండోది యోపొ మ్యాన్. ఇది చూసిన తెలుగువాళ్ళు ఎవరైనా ఒక్క క్షణం ఆగిపోతారు. బెల్టంత వెడల్పు నూడుల్స్ ఉడకబెట్టి గిన్నెలో వేసి, పైన ఉప్పు, దంచిన వెల్లుల్లి, ఉల్లికాడలు, గుప్పెడు ఎండుమిరప కారం కుప్పగా పోస్తారు. గరిటెలో నూనె పొగలు వచ్చేదాకా కాచి ఆ కుప్ప మీదే పోస్తారు. 'సుయ్'మని పొంగి, కారం ముదురు ఎరుపుకు తిరిగి, వెల్లుల్లి వేగిన వాసన కొడుతుంది. మన పోపు గిన్నెలో జరిగేది ఇక్కడ బల్లమీద జరుగుతుంది. నూనె చల్లగా ఉంటే కారం పచ్చిగా ఉండిపోతుంది, మరీ కాగితే మాడి చేదెక్కుతుంది. రాగానే అడుగునుంచి కలిపి తినాలి, ఆలస్యమైతే పట్టీలు అతుక్కుపోతాయి.

ఆదివారం: హంస గోపురం

ఆదివారం ఉదయం పెద్ద హంస గోపురం ఉన్న దాత్సఎన్ విహారానికి వెళ్ళండి. తెలుగువాళ్ళు ఆ ఊళ్ళో ఒక్కటే చూడాలంటే, మట్టి సైనికుల్ని కూడా పక్కనపెట్టి నేను చెప్పేది దీన్నే. పాఠ్యపుస్తకాల్లో మనం హుయాన్‌త్సాంగ్ అని చదువుకున్న యాత్రికుడు పనిచేసిన చోటు ఇది. ఆయన మన దేశం నుంచి 645లో 657 గ్రంథాలతో చాంగాన్‌కు తిరిగి వచ్చాడు. అవి అగ్గికి బుగ్గి కాకుండా దాచడానికి 652లో ఈ గోపురం కట్టించాడు. ఇటుకలు తానే స్వయంగా మోశాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. మొదట లోపల మట్టి, పైన ఇటుక తొడుగు, ఐదు అంతస్తులు. మట్టిలో మొక్కలు మొలిచి శిథిలమైతే 701–704 మధ్య ఇటుకతో మళ్ళీ కట్టారు. ఇప్పుడు ఏడంతస్తులు, 64 మీటర్లు.

ఆయన 640కి కొంచెం అటూ ఇటూగా మన నేల మీద నడిచాడు. ఆంధ్ర దేశం చూసి, ఇక్కడి భాష మధ్యదేశం భాషకన్నా వేరు గానీ లిపి దాదాపు అదేనని రాశాడు. తర్వాత ధాన్యకటకం, అంటే మన అమరావతి, ధరణికోట ప్రాంతంలో కొన్ని నెలలు ఉండి సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే పాత బౌద్ధ శాఖవారి అభిధర్మం, అంటే తత్త్వశాస్త్రం, చదివాడు. వాళ్ళు ఆయన దగ్గర మహాయానం చదివారు. ఆయన తీసుకెళ్ళిన 657లో మహాసాంఘిక గ్రంథాలు 15. కృష్ణ ఒడ్డున ఇద్దరు గురువులు చెప్పిన పాఠం విన్న మనిషి కట్టించిన గోపురం ముందు నిలబడి ఉన్నామన్న సంగతి అక్కడికి వచ్చే మనవాళ్ళలో ఎందరికి తెలుసో అనిపిస్తుంది. పక్కన నిలబడ్డ చైనా స్నేహితుడికి ఈ మాట చెప్పండి. అతనికి హుయాన్‌త్సాంగ్ బాగా తెలుసు, ధాన్యకటకం తెలియకపోవచ్చు.

గోపురం ఎక్కడానికి వేరే టికెట్టు. ఎక్కేముందు దక్షిణ ద్వారానికి రెండు వైపులా ఉన్న రాతి ఫలకాలు చూడండి. 653 నాటివి, రెంటిలోనూ అక్షరాలు చూ స్వైలియాంగ్ అనే లేఖకుడివి. తూర్పుదాన్ని మామూలు చైనా పద్ధతిలో కుడినుంచి ఎడమకు రాశాడు. పడమటిదాన్ని ఎడమనుంచి కుడికి రాశాడు, ద్వారానికి రెండూ అద్దంలో బొమ్మల్లా అమరాలని. కటకటాల వెనక ఉంటాయి, ఫోన్ టార్చి వేస్తే గీతలు స్పష్టంగా కనపడతాయి.

గోపురానికి దక్షిణాన పడుచుపిల్లలు పాతకాలపు దుస్తులు అద్దెకు తీసుకుని ఫొటోలు దిగే వెలుగుల వీధి ఉంది. రాత్రి పిల్లలతో వెళ్తే బాగుంటుంది. రెండు రోజుల ప్రయాణంలో అది నాకు అవసరంగా తోచదు. దానికి బదులు అక్కడికి దగ్గర్లోనే ఉన్న దాషింగ్‌షాన్ గుడికి వెళ్ళండి. టాంగ్ కాలంలో అమోఘవజ్రుడనే బౌద్ధ భిక్షువు మంత్రయాన గ్రంథాలు అనువదించింది అక్కడే. ఆ గుడి దగ్గర శాకాహార భోజనం దొరుకుతుంది.

స్నేహితుడి ఇంటివాళ్ళకు ఏం తీసుకెళ్ళాలన్నది చాలామంది అడుగుతారు. కోవా మిఠాయిలు, మామిడిపళ్ళు, మాంసం పచ్చళ్ళు వద్దు. పాల పదార్థాలు, పళ్ళు, మాంసం తీసుకురావడం అక్కడి కస్టమ్స్ నిషేధించింది. పోచంపల్లి చున్నీయో, మంగళగిరి నేత తువ్వాలో తేలికగా, నిక్షేపంగా చేరుతుంది. గడియారం ఇవ్వకండి, ఆ మాట చైనీస్‌లో చావు సాగనంపడంలా వినిపిస్తుంది. రెండు చేతులతో ఇవ్వండి. వెంటనే విప్పకపోతే నొచ్చుకోవద్దు, ఎదురుగా విప్పకపోవడం వాళ్ళ మర్యాద. బిల్లు దగ్గర పెనుగులాట తప్పదు. కట్టాలనుకుంటే భోజనం మధ్యలో లేచి, కౌంటర్ దగ్గర ముందే కట్టి వచ్చేయాలి.

తిరుగు ప్రయాణంలో స్టేషన్ పేరు మళ్ళీ చూసుకోండి. షియాన్ స్టేషన్ వేరు, షియాన్ ఉత్తర స్టేషన్ వేరు. మధ్య దూరం పది కిలోమీటర్ల పైనే. హైస్పీడు రైళ్ళు చాలావరకు ఉత్తర స్టేషన్ నుంచే. పాస్‌పోర్టే టికెట్టు. ఆటోమేటిక్ గేటు పాస్‌పోర్టును చదవకపోతే పక్కనే మనిషి ఉన్న దారికి వెళ్ళాలి. రైలు కదలడానికి కొన్ని నిమిషాల ముందే గేట్లు మూసేస్తారు, తనిఖీ వరసలు పొడవుగా ఉంటాయి, కాబట్టి ముప్పావుగంట ముందే చేరండి. స్నేహితుణ్ణి మాత్రం అంతదూరం రానివ్వకండి. టికెట్టు లేకుండా వెయిటింగ్ హాల్లోకి పంపరు. గేటు బయట చేయి ఊపి, మళ్ళీ అరగంటకు పైగా మెట్రోలో ఒంటరిగా వెనక్కి పోవడమే అతనికి మిగిలేది, సోమవారం పొద్దున్నే పని పెట్టుకుని. గంట గోపురం దగ్గర మెట్రో 2వ లైను ఎక్కితే నేరుగా ఉత్తర స్టేషన్‌లో దింపుతుంది. కాబట్టి ఆఖరి భోజనం గంట గోపురానికి దగ్గర్లో పెట్టుకుని, అక్కడే, ఆ బల్ల దగ్గరే సెలవు తీసుకోండి.